చెనిక్కాయ తేమను చెవితో కాదు, మీటరుతో కొలిపించండి

గౌరవనీయులైన అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారములు.

మన మార్కెట్ యార్డుల్లో కొనేవారు చెనిక్కాయను (వేరుశనగ కాయను) చెవి దగ్గర ఆడించి, గింజ గలగలను బట్టి ధర తేల్చడం వల్ల, వారం పాటు ఆరబోసిన రైతుకూ పచ్చికాయ తెచ్చిన రైతుకూ ఒకే రేటు పడుతోంది. ఇక ఆరబోతకు ఎవరు శ్రమిస్తారు? తేమ 8 శాతం లోపుకు దిగకుండానే గోనెకెక్కిన కాయకు నిల్వలో బూజు పట్టి, అఫ్లాటాక్సిన్ అనే విషం చేరే ప్రమాదం ఉంది. నేరుగా తినే వేరుశనగలో అది కిలోకు 4 మైక్రోగ్రాములు దాటితే ఐరోపా సమాఖ్య అంగీకరించదు. ఊడలు (కాయ కట్టేందుకు మొక్క నుంచి నేలలోకి దిగే కాడలు) దిగాక బెట్ట తగిలే మన మెట్ట చేలల్లో ఈ ముప్పు మరీ ఎక్కువ.

కాబట్టి ప్రతి యార్డులో తేమ మీటరు ఉంచి, నమూనా కాయలు ఒలిపించి గింజ బరువు తూయించి, ఆ అంకెలను వేలానికి ముందే రైతుకు రాతపూర్వకంగా ఇచ్చేలా ఆదేశించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
కళ్యాణదుర్గం ప్రాంత వేరుశనగ రైతు