2024–25 వార్షిక సర్వసభ్య సమావేశం: కార్యదర్శి నివేదిక

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, రక్త క్యాన్సర్ రోగుల కుటుంబాల నుంచి వచ్చిన సభ్యులందరికీ నమస్కారం.

రక్తదాన శిబిరాలు, ప్లేట్‌లెట్ దాతల ఫోన్ జాబితా, జిల్లాల నుంచి చికిత్సకు వచ్చేవారికి బస ఈ ఏడాదీ ఆగకుండా నడిచాయి. వివరాలు ఎప్పటికప్పుడు వాట్సాప్‌లో పంపాం కాబట్టి మళ్లీ చదవను.

హబ్సిగూడలో జరిపిన సభ గురించి మాత్రం చెప్పి తీరాలి. పరిశోధనకు ఇచ్చిన రక్తం ల్యాబ్‌లో ఏమవుతుందో ఒక కణజీవశాస్త్ర పరిశోధకురాలు తెలుగులో వివరించారు. కీమో తర్వాత తెల్లరక్తకణాల కౌంట్ పెంచడానికి వేసే ఇంజెక్షన్ మనందరికీ తెలిసిందే. అదొక గ్రోత్ ఫ్యాక్టర్, అంటే కణాలను పెరగమని చెప్పే ప్రొటీన్. ఎముక మజ్జలోని కణాల మీద ఆ సంకేతాన్ని అందుకునే రిసెప్టర్‌కు అతుక్కుంటేనే అది పనిచేస్తుంది. ఆ తర్వాత కణం లోపల ఏం జరుగుతుందో మళ్లీ మళ్లీ పరీక్షించి చూడాలంటే ఏళ్ల తరబడి పెరిగే కణాలు కావాలి. మామూలు రక్తకణాలు డిష్‌లో ఎక్కువ కాలం బతకవు. లుకేమియా (రక్త క్యాన్సర్) రోగుల కణాల్లోనూ ఎప్పుడో ఒకటి నిలబడి, విభజన చెందుతూ పోతుంది. అదే సెల్ లైన్.

కె-562 అనే లైన్ 1970లలో, క్రానిక్ మైలాయిడ్ లుకేమియా ముదిరిన 53 ఏళ్ల స్త్రీ ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటి నుంచి వచ్చింది. టీఎఫ్-1 అనేది 1980ల చివర్లో జపాన్‌లో 35 ఏళ్ల పురుషుడి మజ్జ నుంచి వచ్చింది. కె-562లో బీసీఆర్-ఏబీఎల్ అనే అసాధారణ ప్రొటీన్ 'పెరుగు' అనే సంకేతాన్ని ఆపకుండా ఇస్తూనే ఉంటుంది కాబట్టి బయటి ఫ్యాక్టర్ అక్కర్లేదు. టీఎఫ్-1కు జీఎమ్-సీఎస్ఎఫ్ గానీ ఐఎల్-3 గానీ, అంటే ఏదో ఒక గ్రోత్ ఫ్యాక్టర్, పోయకపోతే చచ్చిపోతుంది. రిసెప్టర్‌ను పరిశీలించేవాళ్లకు టీఎఫ్-1 అంత విలువైనది అందుకే: ఫ్యాక్టర్ తీసేసి, మళ్లీ పోసి, తేడా చూడవచ్చు. మనలో చాలామంది ఇళ్లల్లో వాడే ఇమాటినిబ్ అనే మందు అడ్డుకునేది ఆ బీసీఆర్-ఏబీఎల్‌నే. హాలు నిండిపోయి, వెనక నిలబడి విన్నవాళ్లూ ఉన్నారు. మన సంఘం ఇలాంటి సభ జరపడం నాకు గర్వంగా ఉంది.

అక్కడే ఒక తల్లి లేచి, మా అబ్బాయి శాంపిల్‌కు ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టాను, అందులో ఏముందో ఇప్పటికీ తెలియదు అన్నారు. సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఈ విషయమై సంబంధిత కార్యాలయానికి లేఖలు రాశాం, వెళ్లి కలిశాం. ఫైలు పైన ఉందంటారు, సార్ మీటింగ్‌లో ఉన్నారంటారు. మన రక్తం తీసుకునేటప్పుడు లేని ఆలస్యం దీనికెందుకో వాళ్లే చెప్పాలి.

ఆ రోజు కుర్చీలు వేస్తామని పేర్లిచ్చినవారిలో సగం మంది రాలేదు. ఫోన్లూ ఎత్తలేదు. మోసినవాళ్లు మన పెద్దవాళ్లే. బాధ కలిగి చెబుతున్నాను, దయచేసి మాటిస్తే రండి.

హాలు ఇచ్చిన కాలనీ సంక్షేమ సంఘానికి, వక్త గారికి, టీ, టిఫిన్ చూసుకున్న మహిళా సభ్యులకు, మైకు అందించిన సౌండ్ షాపు వారికి, రాత్రిళ్లు కూడా దాతలను వెతికిపెట్టిన కుర్రవాళ్లకు కృతజ్ఞతలు. ఆడిట్ అయిన లెక్కలు మీ చేతుల్లో ఉన్నాయి, సందేహాలుంటే కోశాధికారి గారిని అడగండి.

తెలుగు సమ్మతి పత్రం కోసం మరోసారి అందరి సంతకాలతో వినతిపత్రం ఇవ్వాలనే తీర్మానాన్ని సభ ముందు ఉంచుతున్నాను. ఆమోదించవలసిందిగా మనవి.

కార్యదర్శి