కాలువ కట్ట మీది గేటు ఎవరి కోసం పెట్టించారు? మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

విజయవాడ సైకిల్ ప్రయాణికులు కొందరు నమస్కరించి రాయునది.

విజయవాడకు దగ్గరలోని వెలగలేరు దారిలో, మేము సైకిళ్లు తొక్కే ఆదివారం ఉదయాల్లో టిప్పర్లను ఆపమని మేమిచ్చిన అర్జీలు మీ దృష్టికి వచ్చే ఉంటాయన్న నమ్మకంతో, ఆ సంగతులన్నీ మొదటి నుంచి మళ్లీ ఏకరువు పెట్టదలచుకోలేదు. ఆదివారాలు ఉదయం 9 గంటల వరకు ఆ దారిలో టిప్పర్లు తిరగకుండా చూడమని మీరు మా ఎదుటే అధికారులకు చెప్పారు. మేము సంతోషించి, శాలువా కప్పి, ఫొటో దిగి ఇంటికి వెళ్లాము. ఆ తరువాత అక్కడ జరిగినదేమిటో మీకు చెప్పినవారు లేరేమోనన్న అనుమానంతో ఈ లేఖ రాస్తున్నాము.

జక్కంపూడి దాటి కొత్తూరు తాడేపల్లి వైపు సాగితే ఎడమ చేతి వైపు కొండపల్లి అడవి కొండలు, కుడి చేతి వైపు మామిడి తోటలు, మధ్యలో చిన్న చిన్న ఎత్తుపల్లాలతో ఒక సన్నని తారు రోడ్డు ఉంటుంది. బొమ్మల కర్ర తెల్లపొణికి పెరిగే కొండలు అవే. వెలగలేరు రెగ్యులేటరు దగ్గర బుడమేరు వాగు నీటిని మళ్లించే డైవర్షన్ కాలువ కట్ట ఎక్కితే కవులూరు, కొండపల్లి మీదుగా ఇబ్రహీంపట్నం దాకా, కృష్ణలో ఆ నీరు కలిసే చోటు వరకు, హైవే ముఖం చూడకుండా పోవచ్చు. ఎండాకాలంలో ఆరున్నర దాటితే బెజవాడలో సైకిల్ తొక్కడం సాహసమే అవుతుంది కాబట్టి, మాలాంటివారికి దొరికేది తెల్లవారుజామున ఆ రెండు మూడు గంటలే. నెమలి కూత వినిపించేంత నిశ్శబ్దం నగరానికి ఇంత దగ్గరలో మిగిలి ఉండటమే ఒక అదృష్టం. దానిని మీ ప్రభుత్వం కొత్తగా నిర్మించనక్కరలేదు, చెడగొట్టకుండా ఉంచితే చాలునన్నదే మా అర్జీల సారాంశం.

టిప్పర్ల మీద మాకు పుట్టుకతో వచ్చిన కోపమేమీ లేదు. 2024 సెప్టెంబరు వరదల్లో డైవర్షన్ కాలువ కట్టకు మూడు చోట్ల గండ్లు పడి, సింగ్‌నగర్ వైపు జనం మేడల మీద నీళ్ల కోసం, పాల ప్యాకెట్ల కోసం ఎదురుచూస్తున్నప్పుడు, ఆ గండ్లు పూడ్చడానికి రాత్రింబవళ్లు మట్టి, రాయి మోసిన టిప్పర్లకు చేతులెత్తి దండం పెట్టినవారిలో మేమూ ఉన్నాము. గండ్లు పూడాయి. టిప్పర్లు మాత్రం దారి మరిగాయి. ఇప్పుడవి ఎవరి గ్రావెలు ఎక్కడికి తోలుతున్నాయో మాకు తెలియదు, తేల్చడం మా పని కూడా కాదు. మాకు తెలిసినదల్లా ఏమిటంటే, లోడు మీద పట్టా కప్పకుండా పోయే బండి నుంచి మలుపు దగ్గర రాలిన గులకరాళ్లు సరిగ్గా సైకిల్ చక్రం పోయే అంచునే మేట వేస్తాయి. మలుపు తిరుగుతున్న సన్న టైరు వాటి మీదికి ఎక్కితే హ్యాండిలు మన మాట వినదు. మా మిత్రుడొకరికి మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం లేచిపోయింది. వెనకే వస్తున్న టిప్పరు డ్రైవరు దిగి, తన నీళ్ల సీసాతో గాయం కడిగి, తువ్వాలు చింపి కట్టు కట్టాడు. అతని మీద మాకు ఫిర్యాదు లేదు. ట్రిప్పుకింత అని లెక్క కట్టి, నిద్ర లేకుండా తిప్పే ఏర్పాటు మీదనే మా ఫిర్యాదు.

ఇక గేటు సంగతికి వస్తాను. మా అర్జీల ఫలితంగా ఒక శాఖవారు కట్ట మొదట్లో ఇనుప గేటు నిలబెట్టారు. పసుపు, నలుపు చారలతో చూడముచ్చటగా ఉంది. దానికి గొలుసు, గొలుసుకు తాళం, తాళానికి ఒక కాపలాదారుణ్ని కూడా ఏర్పాటు చేశారు. మొదటి ఆదివారం మేము ఉత్సాహంగా వెళ్లేసరికి గేటు వేసి ఉంది. సైకిళ్లను లోపలికి పంపమని అడిగితే, ఎవరినీ పంపవద్దని ఉత్తర్వు ఉందన్నాడు. మేము అక్కడ నిలబడి మాట్లాడుతుండగానే టిప్పరు వచ్చింది. అతను కూర్చున్న కుర్చీ నుంచి లేచి, ఏ ఉత్తర్వూ అడగకుండా తాళం తీశాడు. అదేమిటయ్యా అంటే, అది పని మీద పోయే బండి, మీరు ఊరికే తిరిగేవారు కదా సార్ అన్నాడు. పాపం, అతను అబద్ధమేమీ చెప్పలేదు. టిప్పర్లను ఆపమని మేము అడిగితే, మా అర్జీల వల్ల వచ్చిన గేటుతో మమ్మల్నే ఆపిన ఈ పరిపాలనా చాతుర్యానికి శాలువా మరొకటి కప్పాలో ఏమో మీరే సెలవివ్వాలి. అప్పటి నుంచి గేటు పక్కనున్న ముళ్లకంపలో సందు చూసుకుని, సైకిళ్లు భుజాన వేసుకుని దాటుతున్నాము. అరవై దాటిన పెద్దలు మాతో రావడం మానుకున్నారు.

ఊరికే తిరిగేవారు అన్న ఆ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగవలసి ఉంది. ఆ కట్ట మీద సైకిల్ తొక్కేది హెల్మెట్ పెట్టుకున్న నగరవాసులు మాత్రమే కాదు. తోట పనికి క్యారేజీ తగిలించుకుని పోయే కూలీలు, క్యాన్లతో పాలు తెచ్చేవారు, ప్రభుత్వమే 'బడికొస్తా' పథకం కింద ఇచ్చిన సైకిళ్ల మీద హైస్కూలుకు వెళ్లిన ఆడపిల్లలు, వీరంతా మాకంటే ముందు నుంచి ఆ దారిలో ఉన్నవారే. ఆడపిల్లకు సైకిల్ ఇచ్చిన ప్రభుత్వమే ఆమె వెనక ఎయిర్ హారన్ మోగకుండా చూడాలని ఎవరైనా అడగవచ్చుననుకుంటాను.

గేటు విషయం మాట్లాడదామని వెళితే మాకు జరిగిన మర్యాద కూడా మీరు వినాలి. కట్ట మాది గాని దాని మీద తిరిగే బండ్లు మావి కావని ఒక కార్యాలయంలో చెప్పారు. బండ్లు మావే గాని కట్ట మాది కాదని ఇంకొక కార్యాలయంలో చెప్పారు. అడవి సరిహద్దు రాయి వరకే తమ బాధ్యతని మూడో చోట, పై నుంచి ఉత్తర్వు వస్తే రేపే ఆపుతామని నాలుగో చోట అన్నారు. సోమవారాలు అధికారులు అర్జీలు తీసుకునే చోట ఇచ్చిన కాగితానికి మాత్రం సమాధానం త్వరగానే వచ్చింది. మీ సమస్య పరిష్కరించబడినదని సెల్‌ఫోనుకు సందేశం పంపారు. అది వచ్చిన సమయానికి మేము కంపలో సైకిళ్లు దాటిస్తున్నాము.

పై నుంచి రావలసిన ఆ ఉత్తర్వు మీ చేతిలో పనే. మోటారు వాహనాల చట్టం, 1988లోని 115వ సెక్షను, ప్రజల భద్రత, సౌకర్యాల దృష్ట్యా గాని, రోడ్డు, వంతెనల స్వభావం దృష్ట్యా గాని, ఫలానా రోడ్డు మీద ఫలానా రకం వాహనాలు తిరగరాదని నిషేధించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన అధికారికి ఇచ్చింది. నెల రోజులకు మించని నిషేధానికైతే గెజిట్ ప్రకటన కూడా అక్కరలేదు, స్థానికంగా జనానికి తెలియజేస్తే సరిపోతుంది. బోర్డులు పెట్టడం సంగతి 116వ సెక్షను చూసుకుంటుంది. ఒక్క నెల ఆదివారాలు ఆపి చూడండి, దాని వల్ల ఎవరి పనైనా ఆగిపోతే మేమే వచ్చి క్షమాపణ చెబుతాము.

ఖర్చు గురించి ఆలోచించనక్కరలేదు. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో సౌర పలకల కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ దారి ప్రారంభించారు. మంచి పనే. మేము కప్పు అడగడం లేదు, మాకు చెట్లున్నాయి. మన నగరంలో ఒక పెద్ద రోడ్డు అంచున ఆకుపచ్చ రంగు పూసి సైకిల్ దారి అన్నారు గదా, అక్కడ ఇప్పుడు టిఫిను బండ్లు, కార్లు తప్ప సైకిలు నిలబెట్టడానికి కూడా చోటు లేదు. అలాంటి రంగు మా కట్టకు దయచేసి పూయించవద్దు. రోడ్డు వెడల్పు చేస్తామని కూడా దయచేసి అనవద్దు. వెడల్పంటే ముందు చింతలు, వేపలు పడిపోతాయి, తరువాత వేగం పెరుగుతుంది, ఆ తరువాత మేము ఆ దారి వదులుకోవలసి వస్తుంది.

గుంటూరు మిత్రులు తమ మాట కూడా కలపమన్నారు. ఉప్పలపాడు చెరువు చెట్ల మీద వాలే గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను చూడటానికి ఊళ్ల మీదుగా పోయే చిన్న దారులు, కొండవీడు ఘాట్ రోడ్డు, ఇవే వారు అడిగేవి. మిరప కల్లాల కాలంలో లోడు లారీలు ఆపమని వారూ అనడం లేదు, రైతు పంట యార్డుకు చేరవలసిందే. ఆదివారం ఉదయం ఘాట్ రోడ్డు కాసేపు సైకిళ్లకు, నడిచేవారికి వదలమంటున్నారు. రాజధాని ప్రణాళికలో సైకిళ్లకు ప్రత్యేక దారులు గీసినవారికి, ఉన్న దారిని మూడు గంటలు ఖాళీగా ఉంచడం కష్టమని మేము అనుకోలేము.

కాబట్టి మళ్లీ అదే మనవి. ఆదివారాలు తెల్లవారుజాము నుంచి ఉదయం 9 గంటల వరకు టిప్పర్లను ఆపించండి. మిగతా రోజుల్లో లోడు మీద పట్టా కప్పించండి. గేటు ఉంచదలచుకుంటే పక్కన సైకిలు పట్టేంత సందు వదిలించండి, తాళం ఎవరికి తీయాలో ఎవరికి తీయకూడదో కాపలాదారుకు కాగితం మీద రాసి ఇప్పించండి. ఆ కుర్చీలో కూర్చున్న పేదవాణ్ని మాత్రం మా లేఖ కారణంగా ఉద్యోగంలోంచి తీయించవద్దు.

ఈ లేఖ ప్రతిని వచ్చే సోమవారం అర్జీల్లో కూడా ఇస్తున్నాము. దానికి 'పరిష్కరించబడినది' అనే సందేశం పంపే ముందు, ఆ పంపే అధికారిని ఒక్క ఆదివారం ఉదయం ఆరు గంటలకు వెలగలేరు కట్ట దగ్గరికి పంపించవలసిందిగా కోరుతున్నాము. ఆయనకు సైకిలు మేమే తెస్తాము.

ఇట్లు,
విజయవాడ సైకిల్ ప్రయాణికుల తరఫున ఒక పౌరుడు