కురుమతి సామి గురిగి

సంపాదకులకు,

మొన్న మా రేషన్ షాపు దగ్గర ఒక ముసలామె మూడోసారి వట్టి సంచితో వెనక్కి తిరిగింది. మిషన్ మీద వేలిముద్ర పడలేదు. కొడుకు, కోడలు పుణెలో ఇళ్ల కట్టుబడి పనికి పోయారు. మనవళ్లిద్దరూ ఆమె దగ్గరే. వరుసలో ఉన్న ఒకాయన, "నారు పోసినోడు నీరు పోయడా, ఫికర్ చేయకవ్వా" అని తన బియ్యం సైకిల్‌కు కట్టుకుని పోయాడు. నాకు ఒళ్లు మండింది. సరిగ్గా ఆ మాటే మా అవ్వ కూడా అనేది, కాకపోతే చేతిలో జొన్నలు పట్టుకుని అనేది.

1972 కరువు నాటికి నాకు ఎనిమిదేళ్లు. అమ్మ, నాయన కూలీలను పనికి తోలుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయి పోయారు. పాలమూరులో చాలా ఇళ్ల కథే ఇది, కొత్తగా చెప్పేదేం లేదు. నన్నూ చెల్లెనూ అవ్వే సాకింది. తెల్లారుజామున విసుర్రాయి ముందు కూర్చుని, విసరబోయే జొన్నల్లోంచి పిడికెడు తీసి పక్కనున్న గురిగిలో, అంటే చిన్న మట్టి కుండలో, వేసేది. దాని మూతికి పసుపు గుడ్డ. "అది కురుమతి సామిది, ముడితే కండ్లు పోతయ్" అనేది. కురుమతి సామి అంటే మా దిక్కు కురుమూర్తి గుట్ట మీది వెంకటేశ్వరస్వామి. మేం ఆ మూలకు చూసేవాళ్లం కూడా కాదు.

మనియార్డరు రాని ఒక నెల ఇంట్లో గింజలు నిండుకున్నాయి. అవ్వ తానం చేసి, దీపం పెట్టి, ఆ గుడ్డ ముడి విప్పింది. నేను భయపడి చెల్లె కళ్లు మూశాను. అవ్వ నవ్వింది. "పెండ్లికి కుబేరుని దగ్గర అప్పు చేసి, తీర్చలేక మన గుట్టకు వచ్చినోడే కదరా ఆయన. బాకీ బాధ ఆయనకెరుక లేదా?" ఆ రాత్రి జొన్నరవ్వ గట్క పలుచగా ఉన్నా కడుపు నిండా పోసింది. "సామి పెట్టిండు, తినుండ్రి" అంది. సామే పెట్టాడనుకున్నాం. ఆ పిడికెడు రోజూ ఎవరి వాటాలోంచి పోయిందో లెక్కగట్టే వయసు కాదు మాది. పంట చేతికొచ్చిన ఏడు, దీపావళి దాటాక సామి పాదరక్షలు ఊరేగించే ఉద్దాల జాతరకు, ఆ గురిగితోనే జొన్నలు రెండుసార్లు కొలిచి, సామి బాకీ అని మూటగట్టి, నన్ను వెంటబెట్టుకుని పోయింది.

ఇప్పుడు రోజులు నయం. 2025 ఏప్రిల్ నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. మంచి బియ్యమే, నేనూ తింటున్నాను. కానీ ఆ ముసలామె కార్డులో ఐదుగురికి రావాల్సిన 30 కిలోలు షాపులోనే ఆగిపోయాయి. కొడుకు వేలు పుణెలో ఉంది, మనవళ్లవి పసి వేళ్లు, ఆమెవి కలుపు తీసీ తీసీ గీతలు అరిగిన వేళ్లు. కంటిపాప చూసి ఇవ్వరాదా అని నేను అడిగితే, ఆ మిషన్ పనిచేస్తలేదన్నారు. ముసలివాళ్లు, పిల్లలే మిగిలిన ఇళ్ల జాబితా రాసుకుని, వేలు పడకపోతే పంచాయతీ కార్యదర్శి సంతకంతో అదే రోజు బియ్యం ఇప్పించాలని అధికారులను కోరుతున్నాను.

ఆ సాయంత్రం మా ఇంట్లోంచి ఐదు కిలోలు పంపాను. ఆమె ఊరికే తీసుకోలేదు. "వచ్చే నెల నా బియ్యం రాంగనే కొలిచి ఇస్తా, యాది పెట్టుకో బిడ్డా" అంది. వచ్చే నెల కూడా ఆమె వేలు పడకపోతే?

- ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్,
మక్తల్, నారాయణపేట జిల్లా