పాట ఆపమనే హక్కు మైకువాడికీ ఉండాలి

సంపాదకుల వారికి,

చవితి ఇంకా మూడు వారాలుంది. మండపాలకు అనుమతి ఎలా తీసుకోవాలో మొన్న మీ జిల్లా పేజీలో వేశారు. విగ్రహం ఎత్తు, నిమజ్జనానికి పోయే దారి, కమిటీ వాళ్ల ఫోన్ నంబర్లు అన్నీ రాయాలన్నారు. ఆ మండపంలో తొమ్మిది రోజులు తీగల మధ్య తిరిగే మా గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. అందుకే ఈ ఉత్తరం.

నాది కోవూరు. ఇరవై రెండేళ్లుగా మైకుసెట్టు, సీరియల్ లైట్లు అద్దెకు ఇస్తున్నాను. పెళ్లిళ్లు, తిరునాళ్లు, పార్టీ మీటింగులు, ఎవరు పిలిచినా వెళతాను. ఉన్నది ఒక చిన్న ట్రాలీ ఆటో, రెండు జతల బాక్సులు, ఇద్దరు కుర్రాళ్లు. వాళ్లలో ఒకడు మా అక్క కొడుకు.

నాలుగేళ్ల కిందట పెన్న ఒడ్డున ఒక ఊళ్లో జాతరకు పిలిచారు. మధ్యాహ్నం నాలుగింటికి ఫోన్, ఆరింటికి ప్రోగ్రాం. మేం వెళ్లేసరికే కమిటీ కుర్రాడొకడు స్తంభం మీద కొక్కెం వేసి కరెంటు లాగిపెట్టాడు. ఇదేందబ్బయ్యా అంటే, "రోజూ కడతానే ఉండాం గదన్నా, నీకెందుకు టెన్షన్" అన్నాడు. సన్నగా తుంపర పడుతోంది. ఆ తీగకు మధ్యలో ఒక జాయింటు ఉంది. దాని టేపు ఊడి, షామియానా ఇనప గొట్టానికి ఆనుకుని ఉన్న సంగతి మాకు తర్వాత తెలిసింది. మా అక్క కొడుకు బాక్సు జరుపుతూ ఆ గొట్టం పట్టుకున్నాడు. ఇక చెయ్యి ఊడి రాలేదు. అరుపు కూడా రాలేదు. పక్కనున్నవాళ్లు పాటకు ఊగుతున్నాడనుకున్నారట. నేను ప్లాస్టిక్ కుర్చీ తీసుకుని మోచేతి మీద కొడితే ఊడి పడ్డాడు. 108 వచ్చింది గానీ సందు నిండా మోటార్ సైకిళ్లు, లోపలికి రాలేకపోయింది. బల్ల మీద పడుకోబెట్టి నలుగురం రోడ్డు దాకా మోశాం. బతికాడు. కుడిచేతి రెండు వేళ్లు మాత్రం ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు.

ఆ గొడవలో పాట నలభై నిమిషాలు ఆగింది. పన్నెండు వేలకు మాట్లాడుకున్నాం, తొమ్మిది వేలు చేతిలో పెట్టారు. ప్రోగ్రాం మధ్యలో ఆపినందుకు మూడు వేలు కోత! అమ్మవారి దగ్గర రచ్చ ఎందుకని తీసుకుని వచ్చేశాను. ఆ ఊరి పేరు వింటే మావాడి వేళ్ల కంటే ముందు ఆ మూడు వేలు గుర్తొస్తాయి. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

"మెయిన్‌లో ఎంసీబీ ఉంది, ఏమీ కాదులే" అనే మాట ప్రతి ఊళ్లో వింటాను. ఎంసీబీ అంటే లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చి, అది కాపాడేది తీగను. 16 ఆంపియర్ల ఎంసీబీ ఆ లెక్క దాటితే గానీ పడదు. మనిషిని చంపడానికి అందులో వందో వంతు చాలు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ అనే ఇంకో రకం స్విచ్చి. 30 మిల్లీ ఆంపియర్లు పక్కదారి పట్టినా రెప్పపాటులో కరెంటు తీసేస్తుంది. మావాడికి దెబ్బ తగిలాక నేను ఒకటి కొని చెక్క పెట్టెలో బిగించుకున్నాను. రెండు వేల లోపే అయింది. ఎక్కడికి పోయినా నా కరెంటు ఆ పెట్టెలోంచే పోవాలి. దీంతో వచ్చిన తంటా ఏమిటంటే, చినుకు పడిన రోజు అది ఊరికూరికే పడిపోతుంది. కమిటీ వాళ్లు వచ్చి "నీ డబ్బా పాడైంది, తీసి పారేసి డైరెక్టుగా ఇవ్వు" అంటారు. డబ్బా పాడవలేదయ్యా, ఎక్కడో లీకుందని చెబుతోంది అంటే, స్టేజీ మీద పెద్దమనిషి మాట్లాడుతుంటే ఈ పాఠాలేంటని కసురుతారు. ఒకసారి నేనే భయపడి డైరెక్టుగా ఇచ్చాను. ఆ రాత్రి మూడు గంటలు గొట్టాల దగ్గరికి ఎవర్నీ రానివ్వకుండా కాపలా కాశాను. అది ఇంకోసారి చేయను.

ఊరేగింపు ఇంకో రకం. వీధికి అడ్డంగా పోయే 11 కేవీ, అంటే 11 వేల వోల్టుల తీగ నేలకు 6.1 మీటర్ల ఎత్తున, అంటే ఇరవై అడుగుల మీద ఉండాలని రూలు. పాత స్తంభాల దగ్గర తీగ సాగి ఇంకా కిందికి వేలాడుతుంది. ట్రాక్టరు ట్రాలీ మూడున్నర అడుగులు, విగ్రహం పదిహేను, దాని మీద గొడుగు. లెక్క మీరే వేసుకోండి. ఆ తీగను ముట్టుకోనక్కర్లేదు, బాగా దగ్గరికి పోయినా ప్రమాదమే. 2022 ఏప్రిల్‌లో తంజావూరు దగ్గర రథానికి హైటెన్షన్ తీగ తగిలి 11 మంది పోయారు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు సోకి అయిదుగురు పోయారు. మా ఊళ్లలో ఆ తీగను వెదురు కర్రతో పైకెత్తి పట్టుకోమని పురమాయించేది మా కుర్రాళ్లనే. పచ్చి వెదురు, అందులో తడిసింది!

మా దగ్గరికి బండ్లవాళ్లు కూడా వస్తారు. మొక్కజొన్న పొత్తులమ్మే ఆమె, పానీపూరీ ఆయన, "అన్నా, ఒక్క బల్బుకి కరెంటియ్యవా" అని. ఇవ్వాలనే ఉంటుంది. వాళ్ల తీగలు చూస్తే చెయ్యి రాదు, రెండు పాత చార్జర్ల వైర్లు ముడేసి తెస్తారు. అందుకని చార్జింగ్ లైట్లు నాలుగు కొని పెట్టుకున్నాను, అవి ఇస్తాను. తెల్లారి తిరిగొచ్చేవి మూడే.

2022 డిసెంబర్ 28న కందుకూరులో పార్టీ సభ దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఎనిమిది మంది చనిపోయారు. పక్కనున్న మురుగు కాలవలో పడ్డారని పేపర్లన్నీ రాశాయి. అంతకు ముందు నేను కాలవ మీద పలకలేసి బాక్సులు పెట్టిన రోజులున్నాయి, స్థలం కలిసొస్తుందని. ఇప్పుడు బండి దిగగానే చూసేది కాలవనే. బాక్సులు రోడ్డు మీదికి వస్తే జనానికి దారి తగ్గుతుంది, ఆ తప్పు మాదే.

రొట్టెల పండగకు నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర కూడా పనిచేశాను. నీళ్లు, కరెంటు, లక్షల జనం. అయినా అక్కడ నాకు భయం వేయలేదు. మా తీగ చూసి, ఇది తీసెయ్ అని చెప్పే మనిషి ఒకడు అక్కడ ఉంటాడు. ఊరి జాతరలో ఆ మనిషి లేడు.

2025 చవితికి ప్రభుత్వం మండపాలకు ఉచితంగా కరెంటు ఇచ్చింది. మంచిదే, డబ్బుల కోసం కొక్కేలు వేసే అవసరం తగ్గింది. దాంతోపాటు అనుమతి కాగితంలో ఇంకో రెండు గళ్లు పెట్టమని అడుగుతున్నాను. మైకు, లైట్లు, షామియానా ఎవరివో ఒక గడిలో రాయాలి. ప్రమాదం కనిపించి వాళ్లు ఆపమంటే ఆపించే కమిటీ మనిషి పేరు రెండో గడిలో ఉండాలి, అలా ఆపినందుకు అద్దెలో కోత వేయబోమని అక్కడే సంతకం పెట్టాలి. రాత్రి పది దాటాక మైకు మోగితే పోలీసులు ఎత్తుకుపోయేది నా ఆంప్లిఫయర్‌నే గాని కమిటీని కాదు. శిక్ష నాదైనప్పుడు స్విచ్చి కూడా నా చేతిలోనే ఉండాలి కదా.

కమిటీ పెద్దలకు ఒక మనవి. బేరం ఆడే ముందు పగటి పూట ఒక గంట స్థలం చూడనివ్వండి. ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా మా కుర్రాళ్లిద్దరికీ బ్యాంకులో కట్టించాను. ప్రమాదంలో పోతే 2 లక్షలు వస్తాయి. ఆ మాట చెబితే మా అక్క ఆ పూట అన్నం తినలేదు.

ఈ చవితికి నావి మూడు బుకింగులు. ముగ్గురికీ ఫోన్ చేసి స్థలం చూడాలన్నాను. ఒకరు ఆదివారం పొద్దున రమ్మన్నారు. మిగతా ఇద్దరు "చూద్దాం లేన్నా" అన్నారు.

— మైకుసెట్టు యజమాని, కోవూరు, నెల్లూరు జిల్లా