నీ కారు షెడ్డు నేల సంగతి

పర్లాకిమిడి,
దసరా వెళ్ళిన నాలుగవ రోజు.

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం సరిగ్గా పండుగనాడు చేరింది. కొత్త ఇంటి కారు షెడ్డు నేలకు ఏ పూత వేయిస్తే మంచిదో రెండు ముక్కల్లో రాయమన్నావు. రెండు ముక్కల్లో తేలే వ్యవహారమే అయితే నా షెడ్డు ఈ రోజు గజ్జి పట్టిన దూడ వీపులా ఉండేది కాదు. కనుక చెల్లెమ్మ చేత కాఫీ పెట్టించుకుని, తీరికగా కూర్చుని చదువు. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉంటూ ఇంత బిగుతైన తెలుగు రాస్తున్నానని నవ్వినా ఫరవాలేదు. పూతల విషయంలో మాట జారితే డబ్బు జారుతుందని తెలిసినవాణ్ణి గనుక జాగ్రత్తగా రాస్తున్నాను.

మీ అల్లుడుగారి ఇంట్లో చూసివచ్చిన నేల, అదే బూడిద రంగు మీద తెలుపు నలుపు రేకులు చల్లి అద్దంలా మెరిపించినది, నీ కళ్ళలో నిలిచిపోయినట్టు ఉంది. అది ఎపాక్సీ, అంటే రెండు ద్రవాలను కలిపి పరిస్తే గట్టిపడే రసాయన పూత. నేనూ ఆ మోజులోనే పడ్డాను. అయితే దుకాణంలో రంగుల పట్టిక తెరవడానికి ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది. మీ గచ్చు కిందినుంచి చెమ్మ పైకి వస్తున్నదా, లేదా? ఈ ఒక్క ప్రశ్నను దాటవేయడం వల్లనే నేను నష్టపోయాను.

నా కథ క్లుప్తంగా చెబుతాను. రెండేళ్ళ క్రితం మే నెలలో, నేల ఎండి పలకలా మోగుతున్న రోజుల్లో, పూత వేయించాను. పదిహేను రోజులు ఊరంతా వచ్చి చూసి వెళ్ళింది. శ్రావణంలో మహేంద్రతనయ నిండుగా పారుతున్నప్పుడు మా పెరటి నూతిలో నీరు చేంతాడు అక్కరలేనంత పైకి వచ్చింది. అదే రోజుల్లో షెడ్డులో గోడ వార నేల మీద శనగగింజంత బొబ్బలు లేచాయి. ఒకదాన్ని మేకుతో పొడిస్తే లోపలినుంచి నీరు వచ్చింది. సిమెంటు గచ్చు మనకు రాయిలా కనిపిస్తుంది కానీ దాని నిండా సూక్ష్మ రంధ్రాలే. కింది మట్టిలోని తేమ ఆ రంధ్రాల గుండా పైకి వచ్చి, మామూలుగా ఎవరికీ తెలియకుండా గాలిలో కలిసిపోతుంది. దాని నెత్తిన ఊపిరాడని పొర ఒకటి పరిస్తే ఆ తేమ పొరకు, గచ్చుకు మధ్య చేరి, గచ్చులోని ఉప్పులను కరిగించుకుని, పూతను అడుగునుంచి తోస్తుంది. గచ్చు వేసేటప్పుడు కింద ప్లాస్టిక్ పట్టా పరిచి ఉంటే ఈ బాధ చాలావరకు ఉండదు. మన మేస్త్రీలలో ఎందరు పరుస్తారో నీకూ తెలుసు.

మీ ఇల్లు బరంపురంలో గోపాలపురం దారిన పల్లంలో ఉన్నది గనుక నా భయం మరింత ఎక్కువ. అందుచేత ఈ వారంలోనే, నేలలో తడి ఇంకా ఆరకముందే, ఒక పరీక్ష చెయ్యి. ఒకటిన్నర అడుగు చదరంగా మందపాటి ప్లాస్టిక్ ముక్కలు మూడు కోసి, ఒకటి గోడ వార, ఒకటి నడిమధ్యన, ఒకటి తలుపు దగ్గర పరిచి, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో అంటించు. కనీసం 16 గంటలు ఉంచాలని నియమం. నువ్వు ఒక పగలు, ఒక రాత్రి పూర్తిగా ఉంచు. తీసినప్పుడు ప్లాస్టిక్ అడుగున నీటి చుక్కలు పట్టినా, ఆ మేర గచ్చు ముదురు రంగుకు తిరిగినా చెమ్మ ఉన్నట్టే. ఇదే పరీక్ష నేను మే నెలలో చేసి ఉంటే పొడిగానే తేలి, నన్ను ఇంకా ధైర్యంగా మోసం చేసి ఉండేది. వానలు వెళ్ళీ వెళ్ళని ఈ రోజులే దానికి తగిన కాలం.

చెమ్మ లేదని తేలితే అప్పుడు ఎపాక్సీ గురించి మాట్లాడుకోవచ్చు. దుకాణంలో ఎపాక్సీ అనే ఒకే పేరుతో మూడు రకాలు అమ్ముతారు: నీటితో కలిపినవి, ద్రావకంతో కలిపినవి, ఏదీ కలపకుండా పూర్తిగా ఘనపదార్థంగానే మిగిలేవి. నీటితో కలిపిన రకం చవక, వాసన తక్కువ, రోలర్‌తో సులువుగా సాగుతుంది. కానీ డబ్బాలో ఉన్నదానిలో దాదాపు సగం ఆవిరైపోయి, ఎండిన తరువాత తమలపాకు మందం కూడా మిగలదు. మూడవ రకంలో పోసినదంతా నేల మీదే ఉంటుంది. లెక్క నువ్వే వేసి చూడు. మీ షెడ్డు 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు అన్నావు. అంటే 22 చదరపు మీటర్ల పైచిలుకు. ఒక లీటరును 250 మైక్రాన్ల, అంటే పావు మిల్లీమీటరు, మందాన పరిస్తే 4 చదరపు మీటర్లు వస్తుంది. ఒక్క పూతకే ఐదున్నర లీటర్లు కావాలి. ఎవరైనా రెండు లీటర్లతో మొత్తం తేల్చేస్తానంటే అతడు అమ్ముతున్నది రంగునీళ్ళే అనుకో.

పలచని పూతకు ఇంకొక శత్రువు కారు చక్రం. మండుటెండలో పలాస మీదుగా ప్రయాణించి వచ్చి, వేడెక్కిన టైర్లతో నేరుగా షెడ్డులో నిలిపావనుకో. ఆ వేడికి పూత మెత్తబడుతుంది. టైరు రబ్బరులోని నూనెవంటి పదార్థాలు పూతలోకి దిగుతాయి. రాత్రి టైరు చల్లబడి కుంచించుకుపోతూ పూతను పట్టి లాగుతుంది. మర్నాడు కారు తీస్తే నాలుగు చోట్ల పూత టైరుకు అంటుకుని వస్తుంది. నాకు ఎడమ వైపు రెండు చోట్ల అలాగే జరిగింది. యాక్రిలిక్ పూతలకు కూడా ఈ దోషం ఉంది. వాటికి గాలి ఆడే గుణం కొంత ఉన్నా, ఏడాది రెండేళ్ళకొకసారి మళ్ళీ వేస్తూ ఉండాలి. కారు నిలిపే చోటికి నేను వాటిని లెక్కలోకి తీసుకోను.

ఘనమైన ఎపాక్సీకి కూడా రెండు లోపాలున్నాయి. ఎండ తగిలితే పసుపు పచ్చబడుతుంది. మీ షెడ్డు ముఖం పడమటికి గనుక, తలుపు తీసి ఉంచితే సాయంత్రపు ఎండ ముందరి నాలుగైదు అడుగుల మేర పడుతుంది. ఏడాదిలోగా ముందు భాగం ఒక రంగు, లోపలి భాగం మరొక రంగు అవుతుంది. దీనికి విరుగుడుగా పైన అలిఫాటిక్ రకం పాలీయురిథేన్ పూత ఒకటి వేస్తారు. అది ఎండకు రంగు మారదు, గీతలను కూడా ఎపాక్సీ కంటే బాగా తట్టుకుంటుంది. రెండవ లోపం, తడిస్తే జారుతుంది. వానలో తడిసి వచ్చిన కారునుంచి నీరు కారిన నేల మీద మన వయసులో కాలు పెట్టడం సాహసమే అవుతుంది. చివరి పూతలో సన్నని క్వార్ట్జ్ ఇసుక కలిపించు. మెరుపు కొంత తగ్గుతుంది, నడుము నిలుస్తుంది.

మరి ఎపాక్సీ ఎందుకూ, అంతా పాలీయాస్పార్టిక్‌తోనే చేయిద్దామని మీ ఇంజనీరు అన్నాడని రాశావు. అది 1990లలో బేయర్ సంస్థ వెలుగులోకి తెచ్చిన రసాయనం. ఎండకు పసుపెక్కదు, ఉదయం వేస్తే మర్నాటికి కారు నిలపవచ్చు. దాని గొప్పదనం ఆ వేగమే, చిక్కూ ఆ వేగమే. గాలిలో తేమ, వేడి ఎంత ఎక్కువైతే అది అంత త్వరగా బిగుస్తుంది. మన తీరప్రాంతపు గాలిలో అలవాటు లేని చేతికి రోలర్ మళ్ళించే వ్యవధి కూడా ఇవ్వదు. ధర కూడా ఎక్కువ. అనుభవమున్న బృందం భువనేశ్వర్ నుంచో విశాఖపట్నం నుంచో వచ్చి చేస్తామంటే ఆలోచించు, మన వీధి చివర గోడలకు సున్నం వేసే కుర్రవాడి చేతికి మాత్రం ఇవ్వకు. పాలీయురిథేన్‌లోనూ, పాలీయాస్పార్టిక్‌లోనూ ఉండే ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. ముఖానికి కట్టుకునే గుడ్డ వాటిని ఆపదు, రసాయన ఆవిరిని పీల్చుకునే డబ్బాలు బిగించిన మాస్కు కావాలి. ఆ మాట పనివాడికి ముందే చెప్పు, అతడు వద్దన్నా కొనిపెట్టు. ఎపాక్సీలో కలిపే గట్టిపరిచే ద్రవం తగిలితే చర్మం పాడవుతుంది. చేతి తొడుగులు కూడా ఉండాలి.

ఏ పూతైనా నిలబడేది కింద నేలను సిద్ధం చేసిన తీరును బట్టే. మీ మేస్త్రి గచ్చు మీద పొడి సిమెంటు చల్లి, తాపీతో నున్నగా రుద్ది, దాన్ని గొప్ప పనిగా నీకు చూపించి ఉంటాడు. కళ్ళకు ఇంపుగా ఉన్నా ఆ పై పొర బలహీనమైనది. పూత దాన్ని గట్టిగా పట్టుకుంటుంది, అది మాత్రం కింది కాంక్రీటును వదిలేస్తుంది. ఆ పొర పోవాలి. మా వాళ్ళు యాసిడ్ పోసి కడిగారు. యాసిడ్ సమంగా పనిచేయదు, సరిగా కడగకపోతే ఉప్పులు మిగిలిపోతాయి, కడిగిన నీరు గచ్చులో దిగి మళ్ళీ చెమ్మ తెస్తుంది. వజ్రపు పళ్ళ గ్రైండింగు యంత్రంతో, దుమ్ము పీల్చే గొట్టం తగిలించి, సన్నని ఇసుక కాగితంలా గరుకు వచ్చేదాకా తోమించు. తరువాత నాలుగు చోట్ల నీటిచుక్కలు వేసి చూడు. గచ్చు వెంటనే తాగేస్తే సరే. తామరాకు మీది బొట్టులా నిలిస్తే అక్కడ నూనె గాని, పాత పూత గాని ఉన్నట్టు. మీ గచ్చు వైశాఖంలో పోసినది గనుక పూతకు ముందు కొత్త గచ్చు 28 రోజులు ఆరాలన్న నియమం ఎప్పుడో తీరిపోయింది.

వేసే రోజు సంగతి. మా పనివాడు మే నెల ఉదయం పదింటికి మొదలుపెట్టాడు. రెండు భాగాలనూ బకెట్‌లో కలిపి, ఫోనులో మాట్లాడి వచ్చేసరికి బకెట్ పొగలు కక్కి, లోపల రాయి తయారైంది. ఆ రెండూ కలిసినప్పుడు వేడి పుడుతుంది. కుప్పగా ఉంటే ఆ వేడికి ఇంకా వేగంగా గట్టిపడుతుంది. కలిపిన వెంటనే నేల మీద ఒంపి పరచాలి. పైగా పొద్దెక్కే కొద్దీ గచ్చు వేడెక్కి, రంధ్రాలలోని గాలి వ్యాకోచించి పూతలోంచి బుడగలుగా వచ్చింది. సాయంత్రం గచ్చు చల్లబడుతున్నప్పుడు వేస్తే ఆ గాలి లోపలికే పోతుంది. అయితే మరీ రాత్రి చేస్తే మంచు భయం: గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత కంటే నేల కనీసం 3 డిగ్రీలు వేడిగా ఉండాలి. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్న రోజున ఆ హద్దు సుమారు 26, అంటే నేల 29 డిగ్రీలకు తగ్గరాదు. తగ్గితే ఎపాక్సీ మీద జిడ్డువంటి తెల్లని పొర పట్టి, పై పూతను నిలవనివ్వదు. అందుకే సంక్రాంతి తరువాత, మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టడం మన వైపు అన్నిటికంటే అనువు.

ఇక ప్లాస్టిక్ ముక్కల అడుగున నీరు పట్టిందనుకో. నా ఊహ అదే. అప్పుడు మెరుపు మీద ఆశ వదులుకో. చెమ్మను తట్టుకునే ప్రత్యేకమైన ఎపాక్సీ ప్రైమర్లు, అంటే అడుగు పూతలు, ఉన్నాయి గానీ, వాటి ఖర్చు ఎక్కువ. నేనైతే లిథియం సిలికేట్ ద్రావణం వేయిస్తాను. అది గచ్చులోని సున్నంతో కలిసి రంధ్రాలలోనే గట్టి పదార్థంగా మారుతుంది. గచ్చు దుమ్ము రేపడం ఆగుతుంది, పై పొర గట్టిపడుతుంది. ఆ తరువాత సైలేన్-సైలాక్సేన్ ద్రవం పూస్తే పైనుంచి పడిన నీరు దిగదు, కిందినుంచి వచ్చే ఆవిరి మాత్రం పోగలుగుతుంది. పొరంటూ లేదు గనుక లేచిపోయేదీ, టైరుకు అంటుకునేదీ ఏదీ ఉండదు. కనిపించడానికి ఏమీ చేయించనట్టే ఉంటుంది. ఈ ఒక్క కారణంగా చెల్లెమ్మ ఒప్పుకోకపోవచ్చు. ఖర్చు పెట్టినది పదిమందికీ కనిపించాలనడంలో తప్పు లేదు.

ఈ రెండు ద్రవాల పద్ధతికి ఒక లోటు ఉంది. ఆమ్లం నుంచి, నూనె మరకల నుంచి అది పూర్తిగా కాపాడదు. మీ ఊళ్ళో విశ్వకర్మ పూజకు ఒకసారి, మన దసరాకు మరొకసారి, వాహనానికి ఏడాదిలో రెండు పూజలు జరుగుతాయి కదా. చక్రాల కింద నలిగిన నిమ్మకాయ రసం గచ్చులోని సున్నాన్ని తిని తెల్లని మచ్చ చేస్తుంది. పసుపు మరక వారం రోజులు పోదు. మా ఇంట్లో ఈ దసరాకు నిమ్మకాయల కింద పాత గోనెపట్టా పరిచాను. మా ఆవిడ మొదట అపచారమంది, తరువాత నేల చూసి ఊరుకుంది.

నా షెడ్డులో మిగిలిన ఎపాక్సీని ఈ పుష్యమాసంలో గీకించి ఈ రెండు ద్రవాలే వేయించబోతున్నాను. గ్రైండింగు యంత్రాన్ని అద్దెకు తెస్తున్నాం. నీ పరీక్ష ఫలితం ఈలోగా తెలిస్తే అదే మనిషిని బరంపురం కూడా పంపగలను. మూడు ముక్కల్లో ఏది తడిసిందో, ఎంత మేర తడిసిందో, గోడ వారదో మధ్యదో విడివిడిగా రాయి. గోడ వారది మాత్రమే తడిస్తే అది కింది చెమ్మ కాక మీ చూరునీటి గొట్టం తప్పు కావచ్చు. అప్పుడు ముందు ఆ గొట్టాన్ని దూరంగా మళ్ళించి, నెల ఆగి మళ్ళీ ప్లాస్టిక్ అంటించాలి. దుకాణదారుకు బయానా మాత్రం నా జవాబు వచ్చేదాకా ఇవ్వకు.

చెల్లెమ్మకూ పిల్లలకూ నా ఆశీస్సులు.

ఇట్లు,
నీ మిత్రుడు