ఇరవైమూడు గేజి, ఎనిమిది వందల చుట్లు

నల్లగొండ,
మే నెల, ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి అయిన పెద్ద బిడ్డకు నాన్న దీవించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీ అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. ఎండ మాత్రం తగ్గలేదు. పొద్దున పదింటికే దేవరకొండ రోడ్డు మీద మనిషి కనిపించడం లేదు.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నీ ఒక్కదానితో ఫోనులో మాట్లాడటం ఎప్పుడు కుదిరింది? నువ్వు స్పీకరు పెడతావు, అటు పక్కన అల్లుడు గారు, ఇటు పక్కన మీ అమ్మ. నేను చెప్పబోయేది అల్లుడు గారి తరఫున ఒక మాట. ఆయన వింటుండగా చెబితే నీకు కోపం వస్తుంది, మీ అమ్మ వింటుండగా చెబితే ఆమెకు వస్తుంది. మీ తమ్ముడి స్నేహితుడు వచ్చే వారం డాలస్ బయలుదేరుతున్నాడు. అతని చేతికిస్తున్నాను. ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు.

ఆ శనివారం సంగతి. ఫ్రిస్కోలో ఏటా మార్చిలో జరిగే ఆ పిన్‌బాల్ ఆట యంత్రాల ఉత్సవానికి నన్ను తీసుకెళ్లినప్పటి నుంచి కనీసం నాలుగుసార్లు క్షమాపణ అడిగావు. "విసుగొచ్చిందా నాన్నా", "పిల్లవాడు మొండికేశాడని వచ్చాం నాన్నా" అంటూ. నేను తిరుగు ప్రయాణంలో మాట్లాడలేదని నీ బాధ. నాకు విసుగొచ్చింది నయాగరా దగ్గర. నీళ్లు పడుతుంటే ఎంతసేపని చూస్తాం? సాగర్‌లో 26 గేట్లు ఎత్తినప్పుడు చూసినవాళ్లమే. ఫ్రిస్కోలో మాట్లాడకపోవడానికి కారణం వేరు. చూడాల్సింది ఎక్కువై నోరు పెగల్లేదు.

ఆ హాల్లో అడుగుపెట్టగానే చెర్వుగట్టు జాతర గుర్తొచ్చింది. అదే హోరు, అవే రంగు దీపాలు, అవే పిల్లల అరుపులు. మనిషి మనిషిని తోసుకోవడం మాత్రం లేదు. వందల యంత్రాలు వరసలు వరసలుగా. గుమ్మం దగ్గర టికెట్టు కొంటే చాలు, లోపల దేంట్లోనూ నాణెం వేయనక్కరలేదట. అవన్నీ ఒక కంపెనీవనుకున్నాను. కాదు, చాలావరకు ఎవరి ఇంట్లోవి వాళ్లు బండ్లకెక్కించుకుని తెచ్చినవని అల్లుడు గారు చెబితే నమ్మలేకపోయాను. మన వీధిలో నిచ్చెన అడిగితేనే ముఖం మాడ్చుకుంటారు. వీళ్లేమో ప్రాణంగా చూసుకునే యంత్రాన్ని తెచ్చి, ముక్కూ ముఖం తెలియనివాళ్లు బాదుతుంటే పక్కన కుర్చీ వేసుకుని సంతోషిస్తున్నారు.

వీడియో గేముల వరసలు నాకు పట్టలేదు. మనవడు అక్కడే అతుక్కుపోయాడు గానీ, అద్దం వెనక వెలుగు తప్ప చేతికి తగిలేదేమీ లేదు వాటిలో. మీ తమ్ముణ్ణి ఇంటర్‌లో చెవి పట్టుకుని లాక్కొచ్చిన షాపులోనూ ఇవే ఉండేవి.

పిన్‌బాల్ వేరు. బంతి ఉంది, ఉక్కు బంతి. చేతిలోకి తీసుకుని చూశాను, 80 గ్రాములు. చిన్నప్పటి పెద్ద గోలీ అంత ఉంటుంది గానీ గోలీకి ఆ బరువెక్కడిది? పలక ఆరున్నర డిగ్రీల వాలు. స్ప్రింగు లాగి వదిలితే బంతి పైకి పోయి, బంపర్లకు కొట్టుకుంటూ దిగుతుంది. కింద రెక్కల్లాంటి రెండు ఫ్లిప్పర్లుంటాయి, బటన్లు నొక్కి వాటితో దాన్ని మళ్లీ పైకి కొట్టాలి. నా మొదటి మూడు బంతులూ ఆ రెండింటి నడుమ సందులోంచి నేరుగా గోతిలోకి. అరనిమిషం ఆడి ఉంటానేమో. మనవడు వచ్చి, "తాతా, రెండు బటన్లూ ఒకేసారి కొట్టకు. బంతిని ఫ్లిప్పర్ మీద ఆపి పట్టుకుని, గురి చూసి వదులు" అన్నాడు. క్యారమ్స్‌లో స్ట్రైకరు ఎలా పట్టుకోవాలో వాడి తల్లికి నేర్పినవాణ్ణి, వాడి చేత చెప్పించుకున్నాను. కోపం వచ్చి పెట్టెను కాస్త గట్టిగా కుదిపితే దీపాలన్నీ ఆరిపోయి ఆట చచ్చిపోయింది. లోపల ఒక గుండు వేలాడుతుంటుందట, గోడ నిట్టనిలువుగా ఉందో లేదో మేస్త్రీ చూసే గుండు లాంటిది. చుట్టూ ఉన్న ఇనుప వలయానికి అది తగిలితే కథ ముగిసినట్టే. దొంగాటకు అంత చవకైన కాపలా నేనెక్కడా చూడలేదు.

అప్పుడు పక్క యంత్రంలోంచి ఠప్‌మని చప్పుడు వచ్చింది. కర్ర మీద సుత్తి పడ్డట్టు. నేను ఒక్క గంతులో వెనక్కి జరిగి గాలిలో వాసన చూశాను. నువ్వు నవ్వావు. నలభై ఏళ్లు మోటార్లు చుట్టినవాడికి ఠప్ అంటే ఏదో పేలిందని, తర్వాత వచ్చేది పొగ అని లెక్క. పొగ రాలేదు. ఆడుతున్న కుర్రాడు చేతులెత్తి గంతులేశాడు, ఉచితంగా ఇంకో ఆట వచ్చిందట. నువ్వు కాఫీకి వెళ్లావు. ఇక్కడి నుంచి నీకు తెలియదు.

ఆ యంత్రం యజమాని తెల్లగడ్డం, నా వయసే ఉంటుంది. నా కంగారు చూసి ఏమనుకున్నాడో, కుర్రాడి ఆట అవగానే కరెంటు తీసేసి, అద్దం లాగి, పలకను కారు బానెట్‌లా పైకెత్తాడు. బిడ్డా, పైన రంగులూ బొమ్మలూ ఉన్న ఆ పలకకు కింద మన షాపు ఉంది. తీగల కట్టలు, స్విచ్చులు, ఎక్కడ చూసినా కాయిళ్లు. ఒక పక్కన ఉన్న కాయిల్ చూపించి, దాని ఇనుప కడ్డీని వేలితో కదిపి, కర్రకు కొట్టి ఠప్ అనిపించాడు. అంతే, చప్పుడు కోసమే పెట్టిన కాయిల్. దాని మీద చుట్టిన కాగితంపై ఏఈ-23-800 అని ఉంది.

ఇంగ్లిషులో వాళ్లు రాసిన వాటిలో ఎవరి సాయమూ లేకుండా ఆ దేశంలో నాకు అర్థమైన మొదటి వాక్యం అది. 23 గేజి మందం తీగ, 800 చుట్లు. వాళ్ల గేజి లెక్క వేరు, వాళ్ల 23 అంటే మన 24కు దగ్గర. వేలితో గాలిలో చుట్లు చుట్టి చూపించాను. ఆయన నా చేతి వంక చూశాడు, ముఖం వంక చూశాడు, ఇంకో కుర్చీ లాగాడు.

తర్వాత ఫ్లిప్పర్ చూపించాడు. ఎడమది నీరసంగా లేస్తోంది. తీగ చుట్టే బాబిన్ ఒకటే, దాని మీద రెండు వైండింగులు. లావు తీగ కొద్ది చుట్లు, సన్న తీగ ఎక్కువ చుట్లు. బటన్ నొక్కగానే లావు తీగ బలంగా లాగుతుంది. ఫ్లిప్పర్ పూర్తిగా లేచాక అక్కడొక స్విచ్ తెరుచుకుని, కరెంటు సన్న తీగలోంచి కూడా పోయేలా చేస్తుంది. దాంతో కరెంటు తగ్గి, ఎంతసేపు నొక్కి పట్టుకున్నా కాయిల్ మాడదు. ఇది మనకు కొత్తా? సింగిల్ ఫేజు మోటారు వేగం అందుకోగానే స్టార్టింగ్ వైండింగును తప్పించే స్విచ్ ఏది? అది ఇరుక్కుని తెరుచుకోక మాడిన మోటార్లను కనగల్ నుంచీ గుర్రంపోడు నుంచీ బత్తాయి రైతులు ఎన్ని తెచ్చేవారు! ఇక్కడ జబ్బు దానికి సరిగ్గా వ్యతిరేకం. పాయింట్లు మసిబారి, మూసుకున్నప్పుడు సరిగ్గా అతుక్కోవడం లేదు. నేను వేలు పెట్టి చూపించాను. ఆయనకు తెలియక కాదు. తలూపి, చిన్న ఆకురాయి నా చేతికిచ్చాడు.

ఆ రెండు పాయింట్లూ నేనే గీకాను. ఆ ఊపులో పక్కనున్న సన్న స్విచ్ మీదికీ ఆకురాయి పోబోతుంటే గబుక్కున నా మణికట్టు పట్టుకున్నాడు. వాటికి బంగారు పూత ఉంటుందట, గీకితే పోతుందట. కాగితం పెట్టి నెమ్మదిగా లాగాలని సైగ చేసి, తన జేబులు తడుముకున్నాడు. నా జేబులో మన షాపు విజిటింగ్ కార్డులున్నాయి. ఒకటిచ్చాను. 'అన్ని రకముల మోటార్లు వైండింగ్ చేయబడును' అన్న కార్డును ఆ బంగారు పాయింట్ల మధ్య పెట్టి మూడుసార్లు లాగాడు. నల్లటి గీత పడింది. ఆ కార్డు పారేయలేదు, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

నువ్వు కాఫీతో వచ్చేసరికి ఫ్లిప్పర్ టకటకా కొడుతోంది. నేను కుర్చీలో ఊరికే కూర్చున్నానని నీ కంటికి కనిపించి ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అల్లుడు గారు ముచ్చటపడితే, నువ్వు వద్దని ఆయన్ని లాక్కొచ్చేశావే, ఆ పాత యంత్రం. గాట్‌లీబ్ కంపెనీది, 1970లనాటిది, 'పనిచేయదు, ఉన్నది ఉన్నట్టుగా' అని అద్దానికి కాగితం అంటించి ఉంది చూడు, అదే. కార్లో మీరిద్దరూ మాట్లాడుకోకుండా ఎటో చూస్తుంటే నేను వెనక సీట్లో నిద్ర నటించాను. ఇక్కడికొచ్చాక మీ అమ్మ దాని ఫోటో చూసి, "జూదం పెట్టె కాదా ఇది? పిల్లలున్న ఇంట్లోనా?" అంది. ఆమె అన్నదాంట్లో సగం నిజముంది. స్ప్రింగుతో బంతిని వదిలే ఈ ఆటకు 1871లోనే పేటెంటు తీసుకున్నారు గానీ, ఫ్లిప్పర్లు వచ్చింది 1947లో, ఈ గాట్‌లీబ్ వాళ్ల యంత్రంతోనే. ఆ నడుమ బంతి వదలడమే మన పని, పడే గుంట దైవాధీనం. అందుకే 1942లో న్యూయార్క్ మేయరు లా గార్డియా నిషేధించి, యంత్రాలను పట్టించి, స్వయంగా సమ్మెట పుచ్చుకుని పగలగొట్టాడు. ఫ్లిప్పర్లు వచ్చాక కూడా ఆ నిషేధం 1976 దాకా పోలేదు. ఆ ఏడాది రోజర్ షార్ప్ అనే ఆయన నగర మండలి సభ్యుల ముందు యంత్రం పెట్టించుకుని, బంతి ఏ సందులోంచి పోతుందో ముందే వేలు పెట్టి చూపించి మరీ పంపాడట. ఇవన్నీ మనం వరసలో నిలబడినప్పుడు అల్లుడు గారు చెప్పినవే. మన దగ్గరా 2017లో పందెం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించినప్పుడు ఇదే గొడవ, చేతి నేర్పా అదృష్టమా అని. మీ అమ్మకు ఇదంతా చెప్పాను. "మీ ఇద్దరికీ ఒకే పిచ్చి" అంది.

నీ అభ్యంతరం డబ్బు, చోటు. డబ్బు సంగతి మీరు చూసుకోండి, ధర నాకూ ఎక్కువే అనిపించింది. యంత్రం సంగతి నేను చెప్పగలను. నువ్వు ఫోన్లో ఉన్నప్పుడు అమ్మేవాణ్ణి అడిగి తెరిపించి చూశాను. చెక్క పుచ్చలేదు. బంతి రాపిడికి పలక మీద రంగు లేచిపోలేదు. అందులో కంప్యూటర్ లేదు, చిప్పు లేదు. రిలేలు, అంకెల చక్రాలు, ఆ స్విచ్చులన్నింటినీ వరసగా తిప్పే ఒక చిన్న మోటారు. కాయిళ్లకు పోయేది 25 ఓల్టులే. ఒక్క కాయిల్ బొగ్గయింది. ఆ మాడిన వార్నిష్ వాసన రెండు వరసల ఇవతలికే నాకు తగిలింది. కాయిల్ దానంతటది కాలదు, ఎక్కడో ఒక స్విచ్ మూసుకునే ఉండిపోయి ఉంటుంది. ముందు దాన్ని పట్టుకోవాలి. అది చూడకుండా కొత్త కాయిల్ వేస్తే పది నిమిషాల్లో అదీ బొగ్గే. కారణం వెతక్కుండా చుట్టిచ్చిన మోటారు వారానికే తిరిగొస్తుందని మన దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లకు ఎన్నిసార్లు చెప్పానో నువ్వు విన్నావు.

ఇందులో నా స్వార్థం కూడా ఉంది, దాచను. వచ్చే ఏడాది మమ్మల్ని ఆరు నెలలు రమ్మంటున్నావు. పొద్దున తొమ్మిదింటికి మీరిద్దరూ చెరో గదిలో తలుపు వేసుకుంటారు, పిల్లవాడు బడికి పోతాడు. మీ అమ్మకు వంటిల్లుంది. నేను సాయంత్రం దాకా కిటికీలోంచి పక్కింటివాళ్ల గడ్డి చూస్తుంటాను. పోయినసారి ఆ గడ్డి కోసే యంత్రం చప్పుడు విని, దాని బేరింగు పోయిందని పదిహేను రోజుల ముందే కనిపెట్టాను. ఎవరికి చెప్పను?

అమ్మేవాడి ఫోను నంబరు అల్లుడు గారి దగ్గరుంది. నువ్వు సరే అంటే, తెచ్చి గరాజులో పెట్టించు. నేను వచ్చేదాకా ప్లగ్గు పెట్టనివ్వవద్దు. మాడిన కాయిల్‌ను మాత్రం ఇప్పుడే విప్పి పక్కన పెట్టండి. కొత్తది దొరుకుతుందని అల్లుడు గారు అంటారు. దొరుకుతుంది, దొరకదని నేననను. కానీ ఆ కంపెనీ కాయిళ్ల మీద చుట్ల లెక్క రాయరు, ఉత్త నంబరే. లెక్క నాకు కావాలి. పైకాగితం తీసేసి, తీగ కొస పట్టుకుని ఒక్కో చుట్టే విప్పమనండి. మాడిన చోట తీగ తెగితే పరవాలేదు, తెగిన దగ్గర గుర్తు పెట్టుకుని అక్కడి నుంచి సాగాలి. విప్పిన తీగ జానెడు ముక్క దాచండి, మందం కొలవాలి.

లెక్కపెట్టే పని మనవడికివ్వు. నువ్వు నాలుగో తరగతిలో ఉండగా మన వైండింగ్ మిషను లెక్క ముల్లు విరిగితే, ఆ ఎండాకాలమంతా నా పక్కన స్టూలు మీద కూర్చుని పైకి లెక్కపెట్టింది నువ్వే. వందకొక చింతగింజ డబ్బాలో వేసేదానివి. ఎవరైనా రైతు వచ్చి "మోటారు అయిందా పాపా" అని పలకరిస్తే లెక్క తప్పి ఏడ్చేదానివి.

అక్కడ చింతగింజలు దొరక్కపోతే శనగలు వాడండి. వాడు లెక్కపెడుతుండగా ఎవరూ మాట్లాడించకండి.

ఇట్లు,
నాన్న