కీమో డోసుకు ముందు కుక్క రక్తం చూడండి

సంపాదకుడు గారికి,

మా బ్రూనో పోయి ఆరు నెలలైంది. తొమ్మిదేళ్ల లాబ్రడార్. దవడ కింద, మోకాళ్ల వెనక గడ్డలు కనిపిస్తే చూపించాం, లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్ అన్నారు. ఇంజెక్షన్లకు తగ్గిన గడ్డలు మళ్లీ రావడంతో మూడు వారాలకొకసారి లోమస్టిన్ అనే కీమో క్యాప్సూల్ మొదలుపెట్టారు. గడ్డలు కరిగాయి. చివరికి వాణ్ని తీసుకుపోయింది క్యాన్సర్ కాదు, లివర్ చెడిపోవడం. ముందే పట్టుకునే వీలుండేదని మాకు ఆలస్యంగా తెలిసింది.

మా ఊరి పశువుల ఆసుపత్రిలో రక్తంలో ఎంజైములు చూసే మిషన్ లేదు. శాంపిల్ పట్టుకుని మనుషుల ల్యాబ్‌కే వెళ్లాం. వాళ్లు రిపోర్టు మీద మనుషుల నార్మల్ రేంజే వేసిచ్చారు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము ఎన్నో రెట్లు ఉంది. "ప్రెడ్నిసొలోన్ ఇస్తున్నాం కదమ్మా, స్టెరాయిడ్‌కి పెరుగుతుంది, టెన్షన్ పడకండి" అన్నారు డాక్టర్‌గారు. ఆ మాట నిజమే. స్టెరాయిడ్ పడితే కుక్క లివర్ ఈ ఎంజైమును అదనంగా తయారుచేస్తుంది, మనుషుల్లో అలా జరగదు. కానీ ఆ పక్క వరసలోనే ఎస్‌జీపీటీ కూడా నాలుగు రెట్లుంది. దాన్నీ స్టెరాయిడ్ ఖాతాలోనే వేసేశారు. లోమస్టిన్ ఇంకో డోసు పడింది.

ఎస్‌జీపీటీ సంగతి వేరు. అది లివర్ కణాల లోపల ఉండే ఎంజైము, కణం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారుతుంది. స్టెరాయిడ్‌కి అదీ కొంత పెరగొచ్చు గానీ, కీమో నడుస్తున్న కుక్కలో అలా సరిపెట్టుకోవడం ప్రమాదం. దెబ్బ ఆగితే రెండు మూడు రోజులకే సగానికి పడిపోవాలి. రెండు వారాల తర్వాత కూడా ఎక్కువే ఉందంటే లోపల నష్టం ఇంకా జరుగుతోందని అనుమానించాలి. లోమస్టిన్ ఈ విషయంలో పేరుమోసిన మందు. 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో అది వాడిన 179 కుక్కల్లో 11కి లివర్ దెబ్బతింది. డోసు మీద డోసు పేరుకుని, చాలా ఆలస్యంగా బయటపడుతుంది. అప్పటిదాకా మావాడు పెరుగన్నం తింటూ, గేటు చప్పుడైతే పరిగెత్తుతూనే ఉన్నాడు. పొట్టలో నీరు చేరి, కళ్లు పచ్చబడేసరికి చేయడానికి ఏమీ మిగల్లేదు.

చివర్లో ఒక రిపోర్టులో ఎస్‌జీపీటీ తగ్గింది. ఇంట్లో అందరం సంతోషించాం. కారడానికి కణాలే పెద్దగా మిగలనప్పుడు కూడా ఆ అంకె తగ్గుతుందని అప్పుడు మాకు తెలియదు. లివర్ పనిచేస్తోందా లేదా అన్నది అల్బుమిన్, బిలిరుబిన్, భోజనానికి ముందూ తర్వాతా తీసే బైల్ ఆసిడ్స్ చెబుతాయట. వాటిని ఎవరూ అడగలేదు.

ఇది డబ్బున్నవాళ్ల పెంపుడు కుక్కల గొడవ అనుకోవద్దు. వీధికుక్కల్లో జననాంగాల దగ్గర వచ్చే గడ్డలకు వారం వారం వేసే విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు కూడా లివర్ మీదుగా, పైత్యరసంలోనే బయటికి పోవాలి. బిలిరుబిన్ పెరిగిన కుక్కకు దాని డోసు తగ్గించాలి. రక్తం చూడకుండా ఆ సంగతి ఎలా తెలుస్తుంది? ప్రతిసారీ గన్నవరం కాలేజీకో తిరుపతికో వెళ్లాలంటే కారు కిరాయి, ఒక రోజు పని పోతాయి. నియోజకవర్గానికి ఒక పశువైద్యశాలలోనైనా ఈ రక్తపరీక్ష మిషన్ పెట్టాలని పశుసంవర్ధక శాఖను కోరుతున్నాను. మిషన్ ఇచ్చి ఊరుకోకుండా పరీక్షకు వాడే రసాయనాలు (రియాజెంట్లు) కూడా అయిపోకుండా పంపాలి. రిపోర్టు మీద కుక్కల రేంజి ఉండాలి.

కుక్కకు కీమో చేయిస్తున్నవాళ్లకు ఒక మాట. మొదటి డోసుకు ముందు తీసిన రిపోర్టు పారేయకండి. ప్రతి డోసుకూ కొత్తది తీయించి, రెండూ పక్కపక్కన పెట్టి చూడమని డాక్టర్‌గారిని అడగండి. మొహమాటపడకండి. మేం పడ్డాం.

ఒక పాఠకురాలు,
పశ్చిమ గోదావరి జిల్లా